చర్చ: రాజ్యాలు కలిసిన నాడు దున్నేవాడికి ఏం దక్కింది?

మూసీ ఒడ్డు (సూర్యాపేట)

హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన సెప్టెంబరు 17 వెళ్లి వారమైంది. విమోచనమా, విలీనమా, విద్రోహమా అన్న తగాదా ఈ ఏడు కూడా మా వీధి చాయ్ హోటల్లో తేలలేదు. కేంద్రం ఒక పేరు పెట్టి, రాష్ట్రం ఇంకో పేరు పెట్టి, ఎవరి జెండా వారు ఎగరేసుకున్నారు. పేరు సంగతి అలా ఉంచండి. చిన్న రాజ్యాలను కలిపి పెద్ద దేశం చేసే ఉద్యమాల వల్ల దున్నేవాడికి ఒరిగిందేమిటి? పై దొర మారతాడు, కింది దొర ఉంటాడు అంటాను నేను. కాదనేవారు కారణం చెప్పండి.

ఇటలీనే చూడండి. 1860 మే నెలలో, ఇటలీని ఏకం చేయడానికి పోరాడుతున్న గరిబాల్డీ వెయ్యి మంది స్వచ్ఛంద సైనికులతో, నేపుల్స్ రాజు ఏలుబడిలోని సిసిలీలో దిగాడు. జూన్ 2న (మన తెలంగాణ వచ్చిన తేదీ కూడా అదే, చూసి నవ్వుకున్నాను) ఉమ్మడి భూములు పంచుతామని, పోరాడినవారికి వాటా ఇస్తామని ఉత్తర్వు ఇచ్చాడు. ఎట్నా కొండ కింద బ్రోంటే అనే ఊరుంది. అక్కడి రైతులు ఆ మాట నమ్మారు. ఆ ఊరి భూమిలో చాలా భాగం ఇంగ్లీషు నౌకాదళాధిపతి నెల్సన్ వారసులది. 1799లో నేపుల్స్ రాజు ఆయనకు రాసిచ్చిన ఇనాము అది. ఆగస్టులో రైతులు తిరగబడ్డారు. గరిబాల్డీ సేనాని బిక్సియో వచ్చి, ఆదరాబాదరా విచారణ జరిపించి, ఐదుగురిని కాల్పించాడు. విముక్తి తెచ్చిన సైన్యమే కాల్చింది. ఇనాము మాత్రం వారసుల చేతిలో తరాల పాటు చెక్కుచెదరలేదు.

తర్వాత వచ్చినవి మరీ విడ్డూరం. సిసిలీ వాళ్లు అంతకుముందు ఎరగని నిర్బంధ సైనిక సేవ వచ్చింది. 1869 నుంచి పిండిమరలో గింజలు ఆడించుకున్నా పన్ను కట్టాల్సి వచ్చింది.

ఇక మన వైపు. 1946 తర్వాత సంఘం (కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభ) పంచిన భూముల్లోకి, 1948లో యూనియన్ సైన్యం వెనకే, పట్నం పారిపోయిన దొరలు మళ్లీ వచ్చారు. రజాకార్ల పని ఐదు రోజుల్లో ముగించిన సైన్యం సంఘం దళాల వేటకు ఏళ్ల తరబడి ఇక్కడే ఉంది. మా తాతకు సంఘం ఇచ్చిన మూడెకరాలు రెండు పంటలు పండి వెనక్కి పోయాయి. బ్రోంటే గురించి చదివినప్పుడు నాకు మా ఊరి గడీ కనిపించింది.

ఆయకట్టు రైతు (హుజూర్‌నగర్)

సారూ, మీరు సగమే చెప్పారు. బ్రోంటే రైతులు అంతకుముందు పదిహేను మందికి పైగా చంపారు, అందులో ఊరి గుమాస్తాల వంటి వాళ్లూ ఉన్నారు. అది వదిలేసి బిక్సియోను ఒక్కడినే బోనులో నిలబెడితే ఎలా?

అసలు తేడా వేరే చోట ఉంది. 1861లో ఏర్పడిన ఇటలీలో ఓటు హక్కు నూటికి ఇద్దరికి కూడా సరిగ్గా లేదు. పన్ను కట్టే ఆసామికే ఓటు. ఇక్కడో? సైన్యం వచ్చిన నాలుగేళ్లు నిండకముందే, 1952లో, వెట్టి చేసినవాడూ దొరా ఒకే వరుసలో నిలబడి ఓటేశారు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడిన రావి నారాయణరెడ్డికి మన నల్లగొండ జనం నెహ్రూకు పడినవాటికంటే ఎక్కువ ఓట్లు వేశారు. నిజాం కింద ఉంటే ఆ ఓటు ఎక్కడిది? 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఇవన్నీ భారతదేశంలో కలిసినందుకు దక్కినవి.

ఇంకో మాట. తెలుగువాళ్లు కలిసి ఉండకపోతే నాగార్జునసాగర్ ఎవరు కట్టేవారు? ఎడమ కాలువ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. నాకు ఏకీకరణ అంటే చేదు లేదు.

పాలమూరు బిడ్డ (అలంపూర్)

అన్నా, సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. రాష్ట్రాలు కలిసింది 1956 నవంబరు 1న. అప్పటికి హైదరాబాదు, ఆంధ్ర వేర్వేరు రాష్ట్రాలు. అది రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగా మొదలైంది. కలవకపోయినా కట్టేవారన్న మాట. ఇక మా సంగతి: రాజోలిబండ కాలువ కింద 87,500 ఎకరాలని కాగితం చెబుతుంది. చివరి ఊళ్లకు వచ్చి చూడండి. కృష్ణా, తుంగభద్ర రెండూ మా ముందు నుంచే పోతాయి, మా వాళ్లు మాత్రం బొంబాయి బస్సు ఎక్కుతారు.

కందనూలు వకీలు (నాగర్‌కర్నూల్)

కలవడం మంచిదా చెడ్డదా అని కొట్టుకుంటున్నారు గానీ, ఏ షరతుల మీద కలిశారన్నది ఎవరూ అడగరేం?

1871లో జర్మనీ ఏకమైనప్పుడు బవేరియా వట్టి చేతులతో పోలేదు. శాంతికాలంలో తన సైన్యం తన రాజు కిందే ఉండాలంది. తపాలా తనదే, రైళ్లు తనవే, చివరికి బీరు మీద పన్ను కూడా తనదే అంది. ఏకీకరణ నడిపిన బిస్మార్క్ ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నది రాజ్యాంగంలోకి ఎక్కింది. కాగితానికి కోరలుంటే సంసారం ఒక మాదిరిగా సాగుతుంది.

మన కాగితం చూడండి. రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొన్నాళ్లు వేరుగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలంది. దాన్ని పక్కన పెట్టి 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషులు ఢిల్లీలో ఒప్పందం రాసుకున్నారు. పేరులోనే ఉంది, పెద్దమనుషుల మాట. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలని అందులో ఉంది. మొదటి మంత్రివర్గంలోనే ఆ పదవి కనిపించలేదు. రాజ్యాంగంలోకి ఎక్కని షరతును అడగడానికి ఏ కోర్టుకు పోతారు? 1969లో ప్రత్యేక తెలంగాణ కావాలని వీధికి పోయారు.

ఆయకట్టు రైతు గారూ, 1950 చట్టం బంగారం లాంటిదే. కానీ రక్షిత కౌలుదారుణ్ణి యజమానిని చేసే 38-ఈ సెక్షను చాలా జిల్లాల్లో అమలుకు వచ్చేసరికి ఇరవై ఏళ్లు దాటింది. ఈలోగా ఎంతమంది చేత కౌలు వదులుకున్నట్టు రాజీనామా వేలిముద్రలు వేయించుకున్నారో నా దగ్గరికి వచ్చే కట్టలు చూస్తే తెలుస్తుంది.

పాలమూరు బిడ్డ (అలంపూర్)

భాష సంగతి కూడా రాయాలి. 1861లో ఇటలీలో ఇటాలియన్ మాట్లాడగలిగింది నూటికి ఇద్దరు ముగ్గురేనని ఒక అంచనా. మిగతా వాళ్లది యాస అన్నారు, బడిలో సిగ్గుపరిచారు. మన కథ దానికంటే తికమక. 1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలో నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మా సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులను పోగేసి అచ్చు వేశారు. తెలుగు కోసం ఇంత చేసిన నేలమీద పుట్టి, బడిలో నేను నోరు తెరిస్తే ఒక పంతులు ‘అది తెలుగు కాదు’ అన్నాడు. ఎవరిది తెలుగు మరి?

మూసీ ఒడ్డు (సూర్యాపేట)

ఓటు విషయంలో ఆయకట్టు రైతు గారి మాట ఒప్పుకుంటున్నాను. గరిబాల్డీ రైతుకు లేని ఆయుధం మనకు దొరికింది. పైగా నా వాదనకు ఇబ్బంది పెట్టే నిజం ఇంకొకటి ఉంది: విశాలాంధ్ర కావాలని గట్టిగా అడిగింది మా సంఘం వాళ్లే. భాష ఒకటైతే దొర బలం చితుకుతుందని నమ్మారు. అడవుల్లో తుపాకీ పట్టినవాళ్లను నేను అమాయకులని అనలేను.

కానీ ఒక లెక్క నాకు మింగుడు పడదు. నేపుల్స్ రాజు దేశం వదిలి పోయాడు. మన నిజాం ఏడాదికి యాభై లక్షల భరణంతో 1956 అక్టోబరు దాకా రాజప్రముఖ్‌గా (గవర్నరు వంటి పదవిలో) కూర్చున్నాడు. మా తాత మూడెకరాలకు మాత్రం ఎవరూ భరణం ఇవ్వలేదు.

ఆయకట్టు రైతు (హుజూర్‌నగర్)

దానికి నా దగ్గర జవాబు లేదు. సాగర్ తేదీ విషయంలోనూ నాదే పొరపాటు.

వకీలు గారూ, చర్చకు సంబంధం లేదు గానీ అడుగుతున్నాను. మా పెదనాయన ట్రంకు పెట్టెలో కౌలుదారు కాగితం ఒకటి ఉంది. ముద్ర కనిపిస్తుంది, రాత అంతా ఉర్దూ. మా ఇంట్లో మూడు తరాలు బడికి పోయాం, అది చదవగలిగినవాడు ఒక్కడూ లేడు.

కందనూలు వకీలు (నాగర్‌కర్నూల్)

మడతల మీద చిరగకుండా ఆదివారం తీసుకురండి. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన లెక్క) నకలు దొరికితే అదీ తెండి. మా పాత గుమాస్తాకు ఉర్దూ వచ్చు, కళ్లజోడు మార్చుకుని ఉంటే చదువుతాడు.