ఈదురుగాలిలో పోల్ పట్టాలా, ఫీడర్ వేయాలా?

నమస్తే అండి. నేను ఉండేది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో. ట్రెంట్ నదిపై చలికాలం చేపలు పట్టే పోటీలకు రెండేళ్లుగా వెళ్తున్నాను. మొన్న ఆదివారం ఎదురుగాలికి నా 13 మీటర్ల పోల్ (రీలు లేని పొడవాటి గాలపు కర్ర) విల్లులా వంగిపోయింది, ఫ్లోట్ (నీటిపై తేలే బెండు) ఒక్కచోట నిలిస్తే ఒట్టు. వేళ్లు కొంకర్లు పోయి, మాగట్ పురుగును గాలానికి గుచ్చడానికే నిమిషం పట్టింది. ఐదు గంటల్లో నాలుగు చిన్న రోచ్ చేపలే పడ్డాయి. పక్కాయన మాత్రం ఫీడర్ (ఎర నింపి నీటి అడుగుకు విసిరే బరువున్న చిన్న బుట్ట) వేసి మంచి బ్రీమ్ చేప లాగాడు.

చన్నీళ్లలో చేపలు తక్కువ తింటాయని ఎర పొదుపుగానే వేశాను. అలాంటి గాలిలో మొదటి నుంచే ఫీడర్‌కు మారాలా? లేక పోల్ పొడవు తగ్గించి, ఒడ్డుకు దగ్గరగా బరువైన ఫ్లోట్ వేయాలా? వరదకు నీళ్లు బురదగా ఉంటే ఏ ఎర మేలు? మార్చి 14 దాటితే జూన్ 16 దాకా నదిలో వేట బంద్, అందుకే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.