యెహోవా మందిరంలోకి అషేరా ఎలా వచ్చింది? (2 రాజులు 23)

తెనాలి_టీచర్:

అందరికీ వందనాలు. మా సంఘంలో శుక్రవారం స్త్రీల కూడికలో రాజుల గ్రంథాలు వరసగా చదువుతున్నాం. మొన్న 2 రాజులు 23వ అధ్యాయం వచ్చింది. యోషీయా రాజు మందిరాన్ని శుభ్రం చేయించే భాగం. అషేరా అనే దేవత ప్రతిమను యెహోవా మందిరంలోంచి బయటికి తెప్పించి, కిద్రోను వాగు దగ్గర కాల్చి పొడి చేయించాడని ఆరో వచనం. మందిరం దగ్గరి ఇళ్ళలోనే ఆడవాళ్ళు అషేరా కోసం నేస్తుండేవాళ్ళని ఏడో వచనం.

మా కూడికకి మంగళగిరిలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన పెద్దావిడ ఒకరు వస్తారు. ఏడో వచనం దగ్గర ఆపి, "నేత అంటే దొంగచాటుగా అయ్యే పని కాదు కదమ్మా. మగ్గం చప్పుడు, నూలు, రంగులు, ఎన్నో రోజులు. యాజకులకి తెలియకుండానే జరిగిందా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి వెతికితే "దేవుడికి భార్య ఉందా?" అంటూ యూట్యూబ్‌లో వీడియోలు. ఒక పాత కుండ మీది బొమ్మ చూపించి, ఈయనే యెహోవా, ఈమే ఆయన భార్య అంటున్నారు. అది నమ్మి చెప్పలేను. అలాగని పెద్దావిడకి "ఊరుకోండి" అనీ చెప్పలేను. వచ్చే శుక్రవారం ఏం చెప్పాలా అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

ఏలూరు_బ్రదర్:

సిస్టర్, ఇందులో తికమక ఏమీ లేదు. అషేరా కనానీయుల దేవత. యెహోవా బలిపీఠం పక్కన దేవతాస్తంభం (హీబ్రూలో ఇదీ అషేరాయే) నాటకూడదని ద్వితీయోపదేశకాండం 16:21లో స్పష్టంగా ఉంది. ఆ ఆజ్ఞ మీరి యూదా రాజు మనష్షే ప్రతిమను తెచ్చి మందిరంలో పెట్టాడు (2 రాజులు 21:7). యోషీయా తీసేశాడు. యూట్యూబ్ వీడియోల వల్ల విశ్వాసుల మనసులు చెదురుతున్నాయి. కూడికలో ఆ చర్చ పెట్టకండి.

గోదావరి_గట్టు:

సిస్టర్, నేను బైబిల్ కాలేజీలో పాత నిబంధన పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ పెద్దావిడ అడిగినదే అసలు ప్రశ్న. చర్చ పెట్టండి.

బ్రదర్ చూపించిన వచనాలు సరైనవే. అయితే 16:21 ఇంకోసారి చదవండి. "యెహోవా బలిపీఠం పక్కన" నాటవద్దు అంటోంది. జనం అక్కడ నాటుతూ ఉంటేనే అలా చెప్పాల్సి వస్తుంది. ఇది మనష్షే ఒక్కడి పనీ కాదు. అతనికి రెండు వందల ఏళ్ళకు పైగా ముందు ఆసా రాజు, అషేరా కోసం ఒక విగ్రహం చేయించినందుకు మయకాను రాజమాత పదవి నుంచి తీసేశాడు (1 రాజులు 15:13).

ఇప్పుడు, ఇశ్రాయేలు రెండు రాజ్యాలైన తర్వాత ఉత్తరాన రాజైన యెహూ సంగతి చూడండి. యెహోవా కోసం రోషంతో బయలు అనే కనానీయ దేవుడి భక్తుల్లో ఒక్కణ్ణీ మిగల్చలేదు, బయలు గుడిని పెంటయిల్లు చేయించాడు. కానీ అతని కొడుకు యెహోయాహాజు ఏలుతున్న రోజుల్లో రాజధాని షోమ్రోనులో దేవతాస్తంభం ఇంకా నిలిచే ఉందని 2 రాజులు 13:6 అంటోంది. బయలు మీద అంత కోపం ఉన్న మనిషి దీన్ని ఎందుకు ముట్టుకోలేదు? కర్మెలు కొండ దగ్గరా అంతే. ఏలీయా ప్రవక్త బయలు ప్రవక్తలు 450 మందినీ, అషేరా ప్రవక్తలు 400 మందినీ పిలిపించమన్నాడు. చివరికి చనిపోయింది బయలు ప్రవక్తలే. ఆ 400 మంది ఊసు మళ్ళీ లేదు. ఉత్తర రాజ్యంలో చాలామందికి బయలు పరాయివాడు, అషేరా మాత్రం పరాయిది కాదు. ఇది నా గట్టి అభిప్రాయం.

దాన్ని బలపరిచే రాతలు మట్టిలోంచి బయటపడ్డాయి. సీనాయి ఎడారి ఈశాన్యాన కుంతిల్లెత్ అజ్రూద్ అని ఒక గుట్ట ఉంది. 1975, 1976లో జేవ్ మెషెల్ అనే ఇశ్రాయేలు పురావస్తు పండితుడు అక్కడ తవ్వించారు. సుమారు క్రీ.పూ. 800 నాటి చోటు, అంటే దాదాపు యెహోయాహాజు కాలమే. అక్కడ దొరికిన పెద్ద పెద్ద మట్టి జాడీల మీద సిరాతో దీవెనలు రాసి ఉన్నాయి. ఒకచోట "షోమ్రోను యెహోవా పేరునా, ఆయన అషేరా పేరునా మిమ్మల్ని దీవిస్తున్నాను" అని. ఇంకోచోట షోమ్రోను బదులు దక్షిణాది ప్రాంతం పేరుతో "తేమాను యెహోవా". ఒకళ్ళ క్షేమం కోరుతూ ఉత్తరం మొదట్లో రాసుకునే తరహా మాటలివి. తిరుగుబాటు ధోరణి కాదు. హెబ్రోను దగ్గర ఖిర్బెత్ ఎల్-కోమ్‌లో ఊరియా అనే అతని సమాధి గుహలో క్రీ.పూ. 8వ శతాబ్దపు రాత ఒకటి ఉంది. 1967లో విలియం డేవర్ దాన్ని వెలుగులోకి తెచ్చారు. రాతి మీద గీతలు ఒకదాని మీద ఒకటి పడి చదవడం చాలా కష్టం. అయినా యెహోవా అతణ్ణి దీవించాడనీ, తన అషేరా ద్వారా శత్రువుల నుంచి కాపాడాడనీ ఎక్కువమంది చదువుతున్నారు. రాత కింద ఒక చెయ్యి చెక్కారు, వేళ్ళు నేల వైపు. ఇది యూదా, అంటే దక్షిణ రాజ్యం.

ఇక యూట్యూబ్ బొమ్మ. అది ఆ అజ్రూద్ జాడీ మీదిదే. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ రెండు పొట్టి ఆకారాలు, పక్కన కూర్చుని తంతివాద్యం వాయిస్తున్న ఇంకో మనిషి. ఆ పొట్టివాళ్ళు బెస్ అనే ఈజిప్టు దేవుడి తరహాలో ఉన్నారు. ప్రసవాలప్పుడూ, నిద్రలోనూ కీడు రాకుండా కాపలా కాసే దేవుడు. పైగా దీవెన రాసిన వరస ఒక బొమ్మ తలపాగా మీదుగా పోయింది. బొమ్మ, రాత కలిపి ఒకేసారి పెట్టినవైతే అలా రాయరు. కాబట్టి దాన్ని దేవుడి దాంపత్యం అనడానికి ఆధారం చాలదు, కూడికలో చూపించకండి.

అదే జాడీకి రెండో వైపు చూడాలి. ఒక చెట్టు, దాని కొమ్మలకి అటూ ఇటూ మోర చాచిన కొండమేకలు, చెట్టు కింద సింహం. యూదా ప్రాంతంలోని లాకీషులో దొరికిన క్రీ.పూ. 13వ శతాబ్దపు కుండ మీద కూడా ఈ చెట్టూ మేకలే. చెట్టుకి సరిగ్గా పైన "ఏలత్" అనే దేవి పేరు, ఆమెకి కానుక అన్న రాత. ఉత్తరాన ఉన్న తానాకులో 1968లో దొరికిన మట్టి పూజాపీఠం నాలుగంతస్తులు. కింది అంతస్తులో రెండు సింహాల చెవులు పట్టుకుని నిలబడ్డ స్త్రీ, మూడో అంతస్తులో అవే సింహాల మధ్య చెట్టూ మేకలూ. చెట్టు, దేవత ఒకరే అన్నట్టు. అందుకే స్తంభం నాటడం, నరకడం అన్న మాటలు బైబిల్లో అన్నిసార్లు వస్తాయి.

భార్యా, ఉత్త స్తంభమా అన్నది పండితుల మధ్య ఇంకా తేలలేదు. సిరియా తీరంలోని ఉగరిత్ పలకల్లో అతిరత్ అనే దేవి (అషేరా పేరుకి అక్కడి రూపం) ఏలు అనే పెద్ద దేవుడి భార్య, 70 మంది కొడుకుల తల్లి. ఇశ్రాయేలు యెహోవాను ఏలు పేరుతోనూ పిలిచింది కాబట్టి ఆమె కూడా వెంట వచ్చిందని కొందరు. హీబ్రూలో వ్యక్తి పేరుకి "ఆయన" అని తగిలించరు కాబట్టి ఆ దీవెనలో ఉన్నది స్తంభమేనని మరికొందరు. స్తంభమే అనుకున్నా, యెహోవాతో పాటు దాని పేరున దీవించారు. అలా యెహోవా పక్కన ఉండడమే నాకు ముఖ్యం.

చివరగా మగ్గం. ఎడారి పొడి గాలి వల్ల అజ్రూద్‌లో గుడ్డలు కూడా చెడిపోకుండా మిగిలాయి. దాదాపు 100 ముక్కలు. ఎక్కువ భాగం నార బట్ట. కొన్నిట్లో మాత్రం నారతో రంగు ఉన్ని కలిపి నేశారు. ద్వితీయోపదేశకాండం 22:11 వద్దన్న కలనేత అది. యాజకుల ఏఫోదు అనే పైవస్త్రానికి నిర్గమకాండం 28 చెప్పేది కూడా సన్ననారతో రంగు నూలు కలిపిన నేతే. పడుగు బిగువుగా ఉండడానికి వేలాడదీసే మట్టి బరువులు కూడా అక్కడ దొరికాయి, అంటే నేత అక్కడే జరిగింది. యెహోవా పేరూ అషేరా పేరూ కలిపి రాసుకున్న చోటే మగ్గం ఆడింది. యెరూషలేములోనూ అది ఆరాధనలో భాగమే అయి ఉంటుంది. యాజకులకు తెలిసే జరిగిందని ఆవిడకి చెప్పండి.

తెనాలి_టీచర్:

సార్, చాలా కృతజ్ఞతలు. 13:6 ఇన్నేళ్ళుగా చదువుతున్నా, యెహూ సంగతితో కలిపి ఎప్పుడూ చూడలేదు. ఇంకొక్క మాట. ఆ ఆడవాళ్ళకి అషేరా దగ్గర ఏం దొరికింది? యెహోవా దగ్గర దొరకనిది ఏముంది?

జగిత్యాల_కేర్‌గివర్:

అక్కా, నేను యెరూషలేంలో ఒక ముసలమ్మని చూసుకునే పని చేస్తున్నాను. శనివారం సెలవు దొరికినప్పుడు ఇజ్రాయెల్ మ్యూజియానికి వెళ్ళాను. అక్కడ అద్దాల్లో చిన్న చిన్న మట్టి అమ్మల బొమ్మలు ఉన్నాయి. జానెడు కూడా లేవు. నడుం కింద కాళ్ళు లేవు, అడుగున వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. రెండు చేతులతో రొమ్ముల్ని కింద నుంచి పట్టుకుని ఉన్నాయి. కొన్నిటికి అచ్చులో పోసిన ఉంగరాల జుట్టు, చక్కటి ముఖం. కొన్నిటికి ముఖమే లేదు, తడి మట్టిని రెండు వేళ్ళతో గిల్లి ముక్కు తీశారు. గిల్లిన చోటు తెలుస్తోంది. ఇవి చేసింది ఇంటి ఆడవాళ్ళేనేమో అనిపించింది. సార్, ఇవి అషేరా బొమ్మలేనా?

గోదావరి_గట్టు:

తమ్ముడూ, మీరు చూసినవి యూదా దేశపువి, క్రీ.పూ. 8, 7 శతాబ్దాలవి, అంటే హిజ్కియా రాజు నుంచి యోషీయా దాకా. ఇప్పటికి 800కు పైగా దొరికాయి. యెరూషలేములోనే చాలా ఉన్నాయి, అదీ మామూలు ఇళ్ళల్లో. ఒక్కదాని మీదా పేరు లేదు. అషేరా అనేవాళ్ళున్నారు, పాలకోసం, పిల్లలకోసం పెట్టుకున్న రక్షలు అనేవాళ్ళున్నారు. పేరు ఏదైనా, బాలింత కష్టం అర్థమయ్యే ఒక రూపం ఇంట్లో ఉండాలనుకున్నారు. పాలు పడకపోతే బిడ్డ బతకని రోజులవి.

సిస్టర్, మీ ప్రశ్నకు జవాబు ఆ ఆడవాళ్ళే చెప్పిన చోటు ఒకటుంది. యిర్మీయా 44:15-19. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలిన తర్వాత ఈజిప్టుకు పారిపోయినవాళ్ళు ప్రవక్త ముఖం మీదే అంటున్నారు: ఆకాశరాణికి ధూపం వేసినన్నాళ్ళూ కడుపునిండా తిన్నాం, ఏ కీడూ చూడలేదు, మానేసినప్పటి నుంచి కత్తికీ కరువుకీ గురయ్యాం. మా భర్తలకి తెలియకుండా పిండివంటలు చేశామా అని కూడా అడుగుతున్నారు. ఆకాశరాణి అంటే అషేరానో, అష్తారోతో, బబులోను ఇష్తారో చెప్పలేం. మానేసింది బహుశా యోషీయా సంస్కరణప్పుడు. అదే విపత్తుకి యిర్మీయా చెప్పే కారణం పూర్తిగా తలకిందులు: మీరు ధూపం వేసినందుకే ఇది వచ్చింది అంటాడు. నేను యిర్మీయా వైపే. కానీ ఆ ఆడవాళ్ళని తెలివితక్కువవాళ్ళు అనలేను. వాళ్ళు అడిగింది అన్నం, బిడ్డల ప్రాణం.

ఆ అవసరానికి జవాబు యెషయా 40 తర్వాతి అధ్యాయాల్లో వచ్చిందని నా నమ్మకం. దేవతాస్తంభం లేదు, మందిరమూ లేదు, జనం చెరలో ఉన్నారు. అప్పుడు యెహోవా తన గురించి తాను ఎలా మాట్లాడుతున్నాడో చూడండి. 42:14లో ప్రసవవేదన పడే స్త్రీలా కేక వేస్తానంటాడు. 49:15లో చంటిబిడ్డను తల్లి మరిచినా నేను మరవనంటాడు. 66:13లో తల్లి ఆదరించినట్టు ఆదరిస్తానంటాడు. పక్కన ఇంకొకరు అక్కర్లేకుండా, తల్లి మాట ఆయన నోటే వచ్చింది.

శుక్రవారం 2 రాజులు 23:7 చదివాక యిర్మీయా 44, ఆ వెంటనే ఈ మూడు వచనాలూ చదివించండి. ఏలూరు బ్రదర్ కూడా తమ సంఘంలో మగవాళ్ళ కూడికలో వీటిని చదివిస్తే బాగుంటుంది.