గ్రేట్ శాండ్ డ్యూన్స్: మెమోరియల్ డేకి వెళ్ళాలా, సెప్టెంబరులోనా?

ఇసుకమేట:
కొలరాడోలోని గ్రేట్ శాండ్ డ్యూన్స్ ఇసుక దిబ్బల పార్కుకి మెమోరియల్ డే (మే చివరి సోమవారం) లాంగ్ వీకెండ్‌లో వెళ్ళమని మన వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒక సలహా తిరుగుతుంది. దానితో నాకు పేచీ. ఆ మూడు రోజులు దిబ్బల ముందు పారే మెడానో వాగు కోసమైతే సరే. దిబ్బలు ఎక్కడానికి మాత్రం అంతకంటే చెడ్డ ముహూర్తం లేదు. గేటు దగ్గర కార్ల వరస హైవే వైపు సాగుతుంది, గంటకు పైగా ఆగాల్సి రావచ్చు. పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. మధ్యాహ్నం గాలి లేచిందంటే ఇసుక కాళ్ళకీ ముఖానికీ సూదుల్లా గుచ్చుకుంటుంది. సెప్టెంబరులో లేబర్ డే (మొదటి సోమవారం) వారాంతం దాటాక వెళ్ళండి. గాలి తక్కువ, దోమలుండవు, చల్లటి పొద్దులు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి.

పిల్లకాలువ:
ఉంది. ఐదారేళ్ళ పిల్లలకి సెప్టెంబరులో అక్కడ ఏం చూపిస్తారండీ? పార్కింగ్ దగ్గర వాగు అప్పటికి చాలావరకు ఎండిపోతుంది. మే చివర, జూన్ మొదట్లో అయితే ఇసుక మీద నీరు పారుతూ అడుగున చిన్న చిన్న కట్టలు కడుతుంది. కట్ట వెనక నీరు నిండి, కట్ట తెగిందంటే ఒక అల. మంచి ప్రవాహమున్న ఏడాది దాదాపు 20 సెకన్లకొకటి వస్తుంది, ఒక్కోసారి అడుగు ఎత్తు కూడా ఉంటుంది. సముద్రానికి ఇంత దూరాన, ఎనిమిది వేల అడుగుల ఎత్తున అలలు! పిల్లలు దిబ్బ వైపు తిరిగి చూడరు కూడా. రద్దీ సంగతంటారా, తెల్లారేసరికి గేటు దాటితే సరి. పార్కు 24 గంటలూ తెరిచే ఉంటుంది.

రాళ్ళవాగు:
ఇద్దరూ క్యాలెండర్ చూసే మాట్లాడుతున్నారు. వాగు పారేది సాంగ్రె డి క్రిస్టో కొండల మీది మంచు కరిగి. మంచు తక్కువ పడిన ఏడాది మెమోరియల్ డేకే నీరు పల్చబడుతుంది, ఎక్కువ పడితే జూన్ మధ్య దాకా బాగుంటుంది. పార్కు వెబ్‌సైట్‌లో వాగు ప్రవాహం, అంచనా రెండూ పెడతారు. అవి చూసి, వీకెండ్ కాకుండా మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. జూన్ మధ్య నుంచి దోమలు మొదలవుతాయి, కొన్నేళ్ళు జూలైలోనూ వదలవు. వాటికి భయపడాల్సింది వాగు పక్కన. దిబ్బల మీద పెద్దగా ఉండవు.

ఇసుకమేట:
@పిల్లకాలువ గారూ, వాగులో ఆడించి వెనక్కొచ్చేసేవాళ్ళతో నాకు గొడవ లేదు. "వచ్చాం కదా, పైకెళ్ళొద్దాం" అని మధ్యాహ్నం ఒంటిగంటకి బయల్దేరేవాళ్ళతోనే. గాలి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా, ఎండాకాలం మధ్యాహ్నం ఇసుక పైపొర 150 దాకా పోతుంది (మన లెక్కలో 65 సెల్సియస్). చెప్పులేసుకున్నా ఇసుక లోపలికి జారి పాదం పక్కలు కాలుతాయి. బొబ్బలొచ్చేది అలాగే. మూసి ఉన్న బూట్లు, సాక్సులు తప్పనిసరి. కుక్క ఉంటే దాని పాదాలకీ అదే గతి.

హై డ్యూన్ అనే దిబ్బ మొదటి వరసలో ఉంది, ఎత్తు 699 అడుగులు. రానూపోనూ సుమారు రెండున్నర మైళ్ళే, కానీ రెండు నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు. గుర్తు పెట్టిన దారి లేదు. దిబ్బ ముందువైపు నుంచి నిటారుగా ఎక్కితే అడుగు వేసినప్పుడల్లా సగం వెనక్కి జారుతుంది. శిఖర రేఖ పట్టుకుని వంకరగా వెళ్తే ఊపిరి మిగులుతుంది. స్టార్ డ్యూన్ అనే ఇంకో దిబ్బ 741 అడుగులు, దానికి రోజు కేటాయించాల్సిందే. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములొస్తాయి. దిబ్బ మీద మీకంటే ఎత్తైనది ఏదీ ఉండదని గుర్తుంచుకుని, మబ్బు కమ్ముతుంటే దిగిపోండి.

కొత్తబండి:
పిల్లలు దిబ్బ మీంచి జారడానికి మంచులో వాడే ప్లాస్టిక్ స్లెడ్ (జారుడు పలక) తీసుకెళ్తే చాలదా? ఇసుక స్లెడ్‌కి అద్దె ఎందుకు దండగ?

రాళ్ళవాగు:
పొడి ఇసుక మీద అది అంగుళం కదలదు తమ్ముడూ. అట్టపెట్టె కూడా అంతే. ఇసుక స్లెడ్‌కి అడుగున గట్టి నున్నటి పలక ఉంటుంది, దాని మీద మైనం రుద్దాలి. మైనం అరిగిపోగానే జారడం మానేస్తుంది కనుక ప్రతి దిగుడుకీ మళ్ళీ రుద్దండి. పార్కు లోపల అద్దెకివ్వరు. గేటుకు ముందున్న దుకాణంలో లేదా 35 మైళ్ళ దూరంలోని అలమోసా ఊళ్ళో తీసుకోవాలి. రద్దీ రోజుల్లో దుకాణంలో మధ్యాహ్నానికి అయిపోతాయి. ఇంకో మాట: ఈ ఇసుకలో మాగ్నెటైట్ అనే నల్లటి ఇనుప రేణువులుంటాయి. ఫోన్ స్పీకర్ అయస్కాంతానికి పట్టుకుంటే వదలవు. జిప్‌లాక్ కవర్లో పెట్టండి.

అలమోసా_దారి:
ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్ళేవాళ్ళు ఎత్తు సంగతి మర్చిపోతారు. డల్లాస్ నుంచి ఒక్క రోజులో డ్రైవ్ చేసి, మర్నాడు పొద్దున్నే దిబ్బ ఎక్కిస్తే తలనొప్పి, ఆయాసం రావచ్చు. ముందు ఒక రోజు అలమోసాలో ఆగి ఒళ్ళు అలవాటు పడనివ్వండి, నీళ్ళు ఎక్కువ తాగించండి. నడవలేనివాళ్ళకి విజిటర్ సెంటర్లో లావు టైర్ల ఇసుక వీల్‌చైర్ ఉచితంగా ఇస్తారు, ముందే ఫోన్ చేసి చెప్పిపెట్టుకోవాలి. తడి ఇసుక మీద ఒకరు తోస్తే చాలు. దిబ్బ మీదికి తోయడం వట్టి మాట.

వాళ్ళ దృష్ట్యా నా ఓటు @ఇసుకమేట గారికే, సెప్టెంబరు.

కొత్తబండి:
మా ఎస్‌యూవీ ఆల్ వీల్ డ్రైవే. కొండ కనుమ మీదుగా పోయే మెడానో పాస్ మట్టి రోడ్డు మీద వెళ్ళొచ్చా?

పిల్లకాలువ:
వద్దు. ఆ రోడ్డుకి నేల నుంచి అడుగుభాగం ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలి, ఆల్ వీల్ డ్రైవ్ చాలదు. మొదట్లోనే లోతైన ఇసుక తగులుతుంది. టైర్లలో గాలి 20 పీఎస్ఐ దగ్గరికి దించుకుంటే టైరు వెడల్పై ఇసుక మీద నిలుస్తుంది. దించకపోతే దిగబడుతుంది. తర్వాత వాగు దాటాల్సిన చోట్లు తొమ్మిది. ఇసుక మొదలయ్యే చోటుకి 'పాయింట్ ఆఫ్ నో రిటర్న్' అనే పేరు ఊరికే పెట్టలేదు. అద్దె కారైతే ఒప్పందంలో మట్టి రోడ్ల నిబంధన చదువుకోండి. దిగబడ్డాక టో ట్రక్కు బిల్లు మీదే.

@ఇసుకమేట గారూ, పెద్దవాళ్ళకీ, దిబ్బలెక్కేవాళ్ళకీ సెప్టెంబరే అని ఒప్పుకుంటా. చిన్నపిల్లలున్న ఇంటికి మాత్రం జూన్ మొదటి వారం, మధ్యలో రోజులు. మెమోరియల్ డే శనివారం ఇద్దరికీ పనికిరాదు.

ఇసుకమేట:
ఆ మాట మీదైతే గొడవ లేదు. పార్కులోని పిన్యన్ ఫ్లాట్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో 88 జాగాలే, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే. జూన్‌కైనా సెప్టెంబరుకైనా బుకింగ్ తెరవగానే పట్టుకోండి, శుక్ర శనివారాలవే ముందు పోతాయి.