వర్కర్ హక్కులు మారితే యూకే కాంట్రాక్టర్ల పన్ను కూడా మారుతుందా?

ప్రశ్న: ఉద్యోగ చట్టంలోని ఎంప్లాయీ, వర్కర్ హోదాలు రెండూ కలిపి ఒకటే చేస్తామని యూకే ప్రభుత్వం అంటోంది కదండీ. ఐఆర్35 అంటే సొంత లిమిటెడ్ కంపెనీ ద్వారా పనిచేసేవాళ్లు పన్ను లెక్కలో ఉద్యోగుల్లాంటివాళ్లేనా (ఇన్‌సైడ్), కాదా (అవుట్‌సైడ్) అని తేల్చే నిబంధన. అదే జరిగితే అవుట్‌సైడ్ ఐఆర్35 కాంట్రాక్టులన్నీ ఇన్‌సైడ్ అయిపోతాయా? లిమిటెడ్ కంపెనీ మూసేసి ఇప్పుడే అంబ్రెల్లాకి (మనల్ని ఉద్యోగిగా పెట్టుకుని జీతమిచ్చే మధ్యవర్తి కంపెనీకి) వెళ్లడం మేలా?

జవాబు: తొందరపడకండి. ఉద్యోగ చట్టంలో ఎంప్లాయీ, వర్కర్ (సెలవు జీతం లాంటి కొన్ని హక్కులే ఉన్నవారు), సెల్ఫ్ ఎంప్లాయిడ్ అని మూడు రకాలు. పన్ను దగ్గర రెండే, అక్కడ వర్కర్ అన్నమాటే లేదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్లు వర్కర్లేనంది. సెలవు జీతం వచ్చింది, పన్ను మాత్రం ఇప్పటికీ సెల్ఫ్ అసెస్‌మెంట్‌లోనే (తామే లెక్క చూపి కట్టుకోవడం). పైగా ఈ కలిపే ప్రతిపాదన 2025 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టంలోకి ఎక్కలేదు. రేపు పన్ను నిర్వచనాన్ని కూడా దానికి ముడిపెడితేనే అసలు చిక్కు.

మరొకరు: చట్టం సంగతి అలా ఉంచి, మీ కాగితాలు చూసుకోండి. ఎక్కువమంది దెబ్బతినేది సబ్‌స్టిట్యూషన్ దగ్గరే. ఏజెన్సీతో మీ ఒప్పందంలో "బదులు మనిషిని పంపొచ్చు" అని ఉంటుంది, క్లయింటుకీ ఏజెన్సీకీ మధ్య ఒప్పందంలో మీ పేరే రాసి ఉంటుంది. అప్పుడు మీ క్లాజు ఉత్త కాగితమే. సెలవుకి మేనేజర్ అనుమతి అడగడం, క్లయింట్ ఆర్గ్ చార్టులో మీ పేరుండటం కూడా ఇన్‌సైడ్ వైపే లాగుతాయి. క్లయింట్ మధ్యస్థ, పెద్ద కంపెనీ అయితే స్టేటస్ తేల్చే పత్రం కారణాలతో సహా ఇవ్వాలి. ఒప్పుకోకపోతే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి, 45 రోజుల్లో జవాబివ్వాలి. చిన్న కంపెనీ అయితే తేల్చాల్సింది మీ లిమిటెడే.

ప్రశ్న: అంబ్రెల్లాలో రోజుకి 400 పౌండ్లంటే చేతికెంత?

జవాబు: 20 రోజులకి 8,000. అది మీ జీతం కాదు, అసైన్‌మెంట్ రేటు. అందులోంచే యజమాని వాటా నేషనల్ ఇన్సూరెన్స్ (ఏడాదికి 5,000 దాటినదానిపై 15 శాతం), అప్రెంటిస్‌షిప్ లెవీ 0.5 శాతం పోతాయి. మిగిలే గ్రాస్ దాదాపు 6,980. అంబ్రెల్లా తీసుకునే రుసుము (మార్జిన్), పెన్షన్ ఇందులో కలపలేదు. సెలవు జీతం కూడా ఈ గ్రాస్‌లోదే, అదనంగా ఇస్తున్నట్టు చెబితే నమ్మొద్దు. మీ ఆదాయపు పన్ను, మీ వాటా నేషనల్ ఇన్సూరెన్స్ ఆ తర్వాత.

మరొకరు: 2026 ఏప్రిల్ 6 నుంచి అంబ్రెల్లా పీఏవైఈ (జీతంలోంచి కోసి కట్టాల్సిన పన్ను) ఎగ్గొడితే ఏజెన్సీ కూడా బాధ్యురాలే. అందుకే ఏజెన్సీలు తమ జాబితాలోని అంబ్రెల్లాలనే పట్టుబట్టొచ్చు. పేస్లిప్‌లో కనీస వేతనమంత జీతం, బ్యాంకులో మాత్రం "లోన్" అనో "అడ్వాన్స్" అనో రెండో జమ పడుతుంటే ఆ నెలే బయటపడండి. ఆ బాకీకి పన్ను శాఖ హెచ్‌ఎమ్‌ఆర్‌సీ మీ తలుపు కూడా తట్టగలదు.