ఎలుక కిడ్నీ లెక్క కుక్కకీ ఆవుకీ సరిపోతుందా?

బయోకెమ్_పీజీ: ఒంట్లో ఆమ్లం పెరిగితే కిడ్నీ గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేస్తుంది. అది అమ్మోనియంగా మూత్రంలో పోతుంది, రక్తానికి ఆమ్లాన్ని అణిచే బైకార్బొనేట్ మిగులుతుంది. ఆ ఉత్పత్తి పెరగాలంటే గ్లుటమిన్‌ను విరగ్గొట్టే గ్లుటమినేజ్ ఎంజైమ్ పెరగాలి. 1952లో డేవిస్, యుడ్కిన్ ఎలుకల్లో ఇదే చూపించారు. క్షీరదాలన్నిటికీ ఇదే సూత్రమని నా వాదన. కాదంటే చెప్పండి.

వెట్_మాస్టారు: కాదు తమ్ముడూ. 1959లో రెక్టర్, ఆర్లాఫ్ కుక్కలకు ఒంట్లో ఆమ్లం పెంచే అమ్మోనియం క్లోరైడ్ ఇచ్చి చూశారు. మూత్రంలో అమ్మోనియా పెరిగింది, కిడ్నీలో గ్లుటమినేజ్ మాత్రం పెరగలేదు. ఆ మాటకొస్తే అమ్మోనియాకు మూలం గ్లుటమిన్ అని 1943లో వాన్ స్లైక్ బృందం తేల్చింది కూడా కుక్కల్లోనే. పునాది కుక్కది, పేరు ఎలుకకి!

బయోకెమ్_పీజీ: ఎంజైమ్ పెరగకుండా అదనపు అమ్మోనియా ఎక్కణ్ణుంచి వస్తుంది సార్?

వెట్_మాస్టారు: ఉన్న ఎంజైమే ఎక్కువ పని చేస్తుంది. గ్లుటమిన్ విరిగితే వచ్చే గ్లుటమేటే గ్లుటమినేజ్‌కి అడ్డు. ఆమ్లం పెరిగితే కణంలోని మైటోకాండ్రియాలో, గ్లుటమేట్ నుంచి తయారయ్యే ఆల్ఫా కీటోగ్లుటరేట్ త్వరగా ఖర్చవుతుంది, దాని వెనకే గ్లుటమేట్ కూడా తగ్గుతుంది. అడ్డు తొలగినట్టే కదా. మీ ఎలుకలో కూడా మొదటి గంటల్లో జరిగేది ఇదే. ఎంజైమ్ పెరగడానికి రోజులు పడుతుంది, అమ్మోనియా అందాకా ఆగదు.

డెయిరీ_అన్న: మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పొద్దున్నే మా కొట్టం తలుపు తీస్తే ముక్కు పగిలేలా అమ్మోనియా వాసన. అంటే ఆవు కిడ్నీ అందరికంటే గట్టిదన్నమాట?

వెట్_మాస్టారు: అది కిడ్నీ పని కాదన్నా. మూత్రంలోని యూరియాను పేడలో ఉండే బాక్టీరియా విరగ్గొడితే వచ్చే వాసన అది. గడ్డి తినే ఆవు మూత్రం క్షారం, పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. అందులో అమ్మోనియం అంతంతే. చూడి ఆవుకి పాలజ్వరం రాకుండా ఈనే ముందు ఒంట్లో ఆమ్లం పెంచే లవణాల మిశ్రమం పెడతారు చూడండి, అప్పుడు పీహెచ్ 6–7కి దిగుతుంది, అమ్మోనియం కూడా పెరుగుతుంది. జంతువు కంటే మేత ముఖ్యం ఇక్కడ.

బయోకెమ్_పీజీ: సరే, మొదటి గంటల సంగతి ఒప్పుకుంటా. కానీ ఆమ్లం వారాల తరబడి ఉంటే ఎలుకలో గ్లుటమినేజ్ కొన్ని రెట్లు పెరుగుతుంది. అది ఊరికే పెరగదుగా! మనిషి కూడా రోజుకు 30–40 మిల్లీమోళ్ల అమ్మోనియం నుంచి 200 పైకి వెళ్లగలడు. అంత పెంచడం ఎంజైమ్ లేకుండా కుదురుతుందా?

నెఫ్రో_రెసిడెంట్: మీరిద్దరూ మూత్రం ఒక్కటే చూస్తున్నారు. తయారైన అమ్మోనియాలో దాదాపు సగం కిడ్నీ నుంచి బయటికి వచ్చే రీనల్ సిర ద్వారా మళ్లీ రక్తంలోకే పోతుంది. లివర్ సిరోసిస్ (లివర్ గట్టిపడి పాడవడం) ఉన్న పేషెంట్‌కి పొటాషియం తగ్గిందంటే మాకు టెన్షన్ అందుకే. పొటాషియం పడిపోతే కిడ్నీ అమ్మోనియా ఎక్కువ చేస్తుంది, పాడైన లివర్ దాన్ని సర్దలేదు, మనిషి మగతలోకి జారిపోతాడు. ఎలుక సూత్రమా కుక్క సూత్రమా అని అడిగే ముందు, ఏ గొట్టంలోంచి బయటికి వచ్చిన అమ్మోనియా కొలుస్తున్నారో చెప్పండి.