12–15 ఏళ్ల పిల్లల పళ్లు, ఇవాళ్టి నీళ్లు: ఫ్లోరోసిస్ సారాంశాన్ని సదస్సుకు పంపొచ్చా?

సున్నపుతేట అడిగిన ప్రశ్న

పర్యావరణ ఎపిడెమియాలజీ ప్రాంతీయ సదస్సుకు సారాంశం పంపాలి. గడువు మూడు వారాలే. నల్గొండ జిల్లాలో 20 ఊళ్లు, ఊరికి 30 మంది చొప్పున 12–15 ఏళ్ల బడిపిల్లలు 600 మంది. పళ్లు డీన్ సూచికతో (ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లపై పడే మచ్చల తీవ్రతకు స్కోరు ఇచ్చే పద్ధతి) చూశాం. ఊరికో బోరు నీళ్లు, ఓ నల్లా నీళ్లు తెచ్చి స్పాడ్న్స్ పద్ధతిలో (రంగు ఎంత తగ్గిందో చూసే పరీక్ష) ఫ్లోరైడ్ కొలిచాం. బోరు నీళ్ల ఫ్లోరైడ్‌కీ, మచ్చలు ఉన్నాయా లేవా అన్నదానికీ సంబంధం చూసే లాజిస్టిక్ రిగ్రెషన్ చేస్తే పి విలువ (సంబంధమేమీ లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.001 లోపే వచ్చింది. నల్లా నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. దాటలేదు, అయినా మచ్చలు చాలామందికి ఉన్నాయి. "నీళ్లు మారినా ఫ్లోరోసిస్ తగ్గలేదు" అని శీర్షిక అనుకుంటున్నాం. సమీక్షకులు ఎక్కడ పట్టుకుంటారండీ?

పలువరస

శీర్షిక దగ్గరే పట్టుకుంటారు. జ్ఞానదంతాలు వదిలేస్తే, శాశ్వత దంతాల పింగాణీ పొర ఎనిమిదేళ్ల వయసుకల్లా తయారైపోతుంది. ఆ తర్వాత ఎన్ని మంచినీళ్లు తాగినా అప్పటికే పడిన మచ్చ పోదు. 2012లో పుట్టిన పిల్లవాడి పళ్లు చెప్పేది 2012–2020 మధ్య తాగిన నీళ్ల సంగతి. ముందరి పైపళ్లకైతే మొదటి మూడేళ్లే కీలకం. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం 2016లో ప్రారంభమైంది, కానీ ఒక్కో ఊరికి నీళ్లు చేరిన ఏడాది వేరు. కాబట్టి మీ పిల్లల్లో కొందరికి బోరు నీళ్లే, కొందరికి సగం సగం. "నీళ్లు మారాయి" అన్నది వాళ్ల పళ్లకు ఇంకా తెలియని విషయం.

చేయగలిగింది ఉంది. ఊరూరా నల్లా నీళ్లు నిజంగా వచ్చిన ఏడాది కనుక్కోండి (పంచాయతీ కార్యదర్శిని, ఇద్దరు ముగ్గురు తల్లులను విడివిడిగా అడిగి సరిపోల్చండి). ప్రతి పిల్లవాడికీ ఎనిమిదేళ్లలోపు బోరు నీళ్లు తాగిన ఏళ్లు లెక్కగట్టండి. వేరే ఊళ్లో పుట్టి తర్వాత వచ్చినవాళ్లను పక్కన పెట్టండి, లేదా విడిగా విశ్లేషించండి. తాగే నీళ్లు, వండే నీళ్లు వేర్వేరుగా అడిగారా? ఆర్వో డబ్బా తెచ్చుకుని తాగుతూ, అన్నం మాత్రం బోరు నీళ్లతోనే వండే ఇళ్లు తక్కువేం కావు.

డీన్ స్కోరుకు ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లు చూడాలి. రెండూ సమానంగా లేకపోతే తక్కువ దెబ్బతిన్నదాని స్కోరు రాయాలి. చాలామంది ఇక్కడ ఎక్కువదాన్నే రాసేస్తారు, దాంతో తీవ్రత పెరిగినట్టు కనిపిస్తుంది. పళ్లు చూసిన పరీక్షకుల మధ్య కప్పా విలువ (వాళ్ల స్కోర్లు ఎంతవరకు ఏకీభవించాయో చెప్పే అంకె) సారాంశంలో లేకపోతే అడుగుతారు.

బీకరు

స్పాడ్న్స్ గురించి ఒక్క మాట. ఆ పద్ధతి లీటరుకు 1.4 మి.గ్రా. వరకే నమ్మదగినది. అంతకు మించిన బోరు నీళ్లను పలుచన చేయకుండా చదివితే ఆ అంకె చెల్లదు. 10 మి.లీ. నమూనాను 50 మి.లీ.కి తెచ్చి, వచ్చినదాన్ని ఐదుతో గుణించాలి. నల్లా నీళ్లతో చిక్కు వేరు. మిగిలిన క్లోరిన్ రంగును విరిచేసి ఫ్లోరైడ్ ఎక్కువ చూపిస్తుంది, పటిక నుంచి మిగిలిన అల్యూమినియం తక్కువ చూపిస్తుంది. మీ "1 లోపే" అన్న అంకె ఈ రెంటి మధ్య నలిగి వచ్చిందేమో చూసుకోండి.

నమూనాలు పాలిథిన్ సీసాల్లో ఉండి 28 రోజులు దాటకపోతే, కనీసం పదింటిని అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో (ఫ్లోరైడ్‌ను వోల్టేజీ ద్వారా కొలిచే కడ్డీ) మళ్లీ కొలవండి. నమూనా ఎంతో టైసాబ్ ద్రావణం (కొలతకు అడ్డొచ్చేవాటిని అదుపులో ఉంచేది) అంతే కలపాలి. ప్రామాణిక ద్రావణాలు లీటరుకు 0.1, 1, 10 మి.గ్రా. 25 డిగ్రీల దగ్గర పదిరెట్లకు 59 మిల్లీవోల్టుల చుట్టుపక్కల తేడా రాకపోతే ఎలక్ట్రోడ్‌ను శుభ్రం చేసి మళ్లీ మొదలెట్టండి.

అంకెలపిచ్చి

ఆ పి విలువ నిలవదు. నీళ్ల కొలత ఊరికి ఒక్కటే, అంటే ఫ్లోరైడ్ విషయంలో మీ దగ్గరున్నవి 20 బిందువులు, 600 కాదు. ఒకే ఊరి పిల్లల మధ్య పోలిక (ఐసీసీ) 0.1 అనుకున్నా, ఆ పోలిక వల్ల నమూనా బలం ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + 29 × 0.1 = 3.9. 600ను దానితో భాగిస్తే 154 మందికి సమానం. మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ ఈ సంగతి పట్టించుకోదు. మిక్స్‌డ్ మోడల్ వాడండి, లేదా జీఈఈ (రెండూ ఊరిని ఒక గుంపుగా లెక్కలోకి తీసుకునే పద్ధతులే). జీఈఈ అయితే 20 గుంపులకే రోబస్ట్ ఎర్రర్ (అంచనాలో అనిశ్చితి కొలత) ఉండాల్సినదానికన్నా చిన్నదిగా వస్తుంది, చిన్న నమూనా సవరణ తప్పనిసరి.

ఇంకోటి: మచ్చలు ఇంత ఎక్కువమందికి ఉన్నప్పుడు లాజిస్టిక్ రిగ్రెషన్ ఇచ్చే ఆడ్స్ రేషియో (మచ్చలున్నవాళ్లకూ లేనివాళ్లకూ ఉన్న నిష్పత్తుల పోలిక) భూతద్దం లాంటిది. ఒకచోట 60 శాతం, ఇంకోచోట 40 శాతం ఉంటే ప్రివలెన్స్ రేషియో (శాతాల నేరు పోలిక) 1.5, ఆడ్స్ రేషియో 2.25. చదివేవాళ్లు రెండోదాన్ని "రెండింతల పైన" అని అర్థం చేసుకుంటారు. మోడిఫైడ్ పాయిసన్ రిగ్రెషన్‌తో ప్రివలెన్స్ రేషియో, 95 శాతం విశ్వాస అవధి ఇవ్వండి.

సున్నపుతేట

పలువరస గారూ, సగం ఊళ్లలో పాత బోర్లు ఎండిపోయాయి. మేం తెచ్చింది కొత్త లోతు బోర్ల నీళ్లు. మరి ఆ ఊళ్లకు పాత ఫ్లోరైడ్ విలువ ఎలా?

పలువరస

గ్రామీణ నీటి సరఫరా విభాగం దగ్గర పాత పరీక్షల రికార్డులు అడగండి. ఏ బోరుదో, ఏ నెలదో రాసి ఉన్నవే తీసుకోండి. దొరకని ఊళ్లకు కొత్త బోరు అంకెను పాతదానిగా వాడొద్దు, లోతు మారితే ఫ్లోరైడ్ మారుతుంది. రికార్డులున్న ఊళ్లతో ఒకసారి, అన్ని ఊళ్లతో ఒకసారి విశ్లేషించి రెండు ఫలితాలూ సారాంశంలో పెట్టండి. శీర్షిక "బాల్యంలో తాగిన బోరు నీళ్ల ఏళ్లు, దంత ఫ్లోరోసిస్ తీవ్రత: 20 గ్రామాల క్రాస్ సెక్షనల్ అధ్యయనం" అంటే చాలు.

సమ్మతి వాక్యం మరవకండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితో పాటు మీ వయసు పిల్లల లిఖితపూర్వక అంగీకారం కూడా ఉండాలి. పోస్టరులో పళ్ల ఫోటో పెడితే పెదవుల వరకే కత్తిరించండి, కింద ఊరి పేరు వద్దు.