తేలిగ్గా ఉన్న రోజు పనంతా చేసేసి తర్వాత లేవలేకపోతున్నా, మీరెలా నెట్టుకొస్తున్నారు?

పొద్దుతిరుగుడు:
నడుం నొప్పి మొదలై ఏడాది దాటిందండి, ఇప్పుడు మెడకీ భుజాలకీ కూడా పాకింది. ఎమ్మారై తీస్తే డిస్క్ కొంచెం అరిగింది, ఆపరేషన్ అవసరం లేదు అన్నారు. నా సమస్య ఏంటంటే కాస్త తేలిగ్గా ఉన్న రోజు పేరుకుపోయిన పనంతా ఇల్లు సర్దడం బట్టలు ఆఫీసు పెండింగ్ అన్నీ ఒక్కసారే మీదేసుకుంటా, ఇక తర్వాత రెండు మూడు రోజులు మంచం దిగలేను. ఇంట్లోవాళ్ళేమో నిన్న బానే ఉన్నావుగా అంటారు, ఆ మాట చాలా గుచ్చుకుంటోంది. ఒక్కోసారి ఇదంతా నా ఊహేనా అని నాకే డౌట్. పెయిన్ కిల్లర్ రోజూ వేసుకోవాలంటే భయం. ఏళ్ళ తరబడి ఇలా ఉన్నవాళ్ళు రోజు ఎలా గడుపుతున్నారో చెప్పండి ప్లీజ్.

గడ్డిపువ్వు:
ఊహ కాదండి, ముందు ఆ డౌట్ తీసేయండి. మూడు నెలలు దాటిన నొప్పిని క్రానిక్ పెయిన్ అంటారు, 2022లో అమల్లోకొచ్చిన డబ్ల్యూహెచ్‌వో జబ్బుల జాబితాలో దీన్ని విడిగా ఒక జబ్బుగానే పెట్టారు. దెబ్బ మానినా నరాలూ వెన్నుపామూ మెదడూ చిన్నదానికే గట్టిగా స్పందిస్తుంటాయి. నొప్పే లేనివాళ్ళ స్కాన్లన్నీ కలిపి చూసిన రివ్యూ ఒకటి 2015లో వచ్చింది, అందులో ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం! కాబట్టి స్కాన్ చూసి నొప్పి ఎంతో ఎవరూ కొలవలేరు. కానీ కాళ్ళలో బలం తగ్గడం, మూత్రం మీద కంట్రోల్ పోవడం, కూర్చునే భాగంలో స్పర్శ తెలియకపోవడం, ఇలాంటివి వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్ళాలి.

చిరుగాలి:
నాది ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్ళంతా నొప్పులుండే జబ్బు, చాలా ఏళ్ళుగా. మీరు చెప్పినదానికి మా ఫిజియో చెప్పింది ఒకటే, పని ఎప్పుడు ఆపాలో నొప్పిని అడక్కండి, గడియారాన్ని అడగండి అని. అంటే నిలబడి పనిచేస్తే ఇరవై నిమిషాలకి నొప్పి ఎక్కుతుంది అనుకోండి, పన్నెండు నిమిషాలకే టైమర్ పెట్టుకుని ఆపేయాలి, ఇంకా చేయగలను అనిపించినా ఆపేయాలి, కష్టమంతా ఇక్కడే ఉందండి ఎందుకంటే బాగున్న రోజు ఆగడానికి మనసు అస్సలు ఒప్పుకోదు. బాగోలేని రోజు కూడా పూర్తిగా పడుకోకుండా అందులో సగమైనా చేయాలి. అలా కొన్ని వారాలు నిలకడగా సాగాక ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. వంగే పని అయ్యాక కూర్చునే పని పెట్టుకోండి, బట్టలు మడతపెట్టడం లాంటివి ఎప్పుడూ కూర్చునే చేయండి. దీంతో నొప్పి పోదు, నాకూ పోలేదు, కానీ రేపు లేవగలనా అనే భయం తగ్గింది, నాకదే పెద్ద విషయం.

తెల్లమబ్బు:
మందుల భయం న్యాయమే. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి సొంతంగా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు రావొచ్చు. తలనొప్పి ఉన్నవాళ్ళకైతే మామూలు నొప్పి మాత్రలే నెలకి 15 రోజులు, అంతకంటే ఎక్కువ, అలా మూడు నెలలు దాటి వాడితే వాటివల్లే ఇంకో తలనొప్పి మొదలవ్వొచ్చు. ఇంకోటి, డాక్టర్ ఎమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ రాస్తే ఇవి డిప్రెషన్ మందులు కదా నన్ను నమ్మట్లేదేమో అని బాధపడకండి, నరాల్లో నొప్పి సిగ్నల్స్ తగ్గించడానికి కూడా ఇస్తారు. మొదట్లో నోరు ఎండటం, మత్తుగా ఉండటం ఉంటాయి. వాడేవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా సడన్‌గా ఆపొద్దు.

పొద్దుతిరుగుడు:
అందరికీ థాంక్యూ అండి, ఆ 37 శాతం చదివాక కాస్త ఊపిరాడింది. టైమర్ ఇవాళే పెడతా. మరి ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలి?

చిరుగాలి:
నొప్పి ఎంతుందో చెప్తే వాళ్ళకేం చేయాలో తెలీదండి. ఇవాళ వంగలేను, బకెట్ నువ్వు ఎత్తిపెట్టు, మిగతాది నేను కూర్చుని చేస్తా అనండి, అప్పుడు చేస్తారు. ఈసారి డాక్టర్ దగ్గరికి వాళ్ళలో ఒకర్ని తోడు తీసుకెళ్ళండి, మనం చెప్పినదానికీ డాక్టర్ చెప్పినదానికీ వాళ్ళ దృష్టిలో చాలా తేడా ఉంటుంది. వెళ్ళేముందు నిద్ర ఎలా పడుతోంది, ఏ పనికి నొప్పి ఎక్కువవుతోంది, ఏ పనులు పూర్తిగా మానేశారు అన్నీ రాసిపెట్టుకోండి, అక్కడ కూర్చున్నాక సగం గుర్తురావు.